స్టూల్ రిపోర్టు నార్మల్ అని వచ్చినా మోషన్స్ ఆగకపోతే: గియార్డియా గురించి వివరంగా

ప్రశ్న అడిగిన తల్లి హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉంటారు. బాబుకు ఐదేళ్లు. మూడు వారాలుగా రోజుకు నాలుగైదుసార్లు మోషన్స్ అవుతున్నాయి. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతున్నాయి. పొట్ట ఉబ్బరంగా ఉంటోంది, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో తేన్పులు వస్తున్నాయి. మలం జిడ్డుగా, లేత రంగులో ఉండి, నీళ్లు కొట్టినా పోకుండా తేలుతోంది. జ్వరం లేదు, రక్తం పడలేదు. కిలోన్నర బరువు తగ్గాడు. మెడికల్ షాపులో అడిగి రెండు రకాల గోళీలు వేశారు, తర్వాత ఒక యాంటీబయాటిక్ సిరప్, మధ్యలో నులిపురుగుల మందు. స్టూల్ టెస్ట్ ఒకసారి చేయిస్తే నార్మల్ అని వచ్చింది. ఇంట్లో ఆర్‌వో ఫిల్టర్ ఉంది కాబట్టి నీళ్లలో తప్పేమీ లేదని ఇంట్లోవాళ్లు అంటున్నారు. అత్తగారు వేడి చేసిందంటున్నారు, దిష్టి కూడా తీశారు. ఇప్పుడు ఇంకేం చేయాలన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, నేను ఈ ఊళ్లోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. బాబును చూడకుండా ఫలానా జబ్బు అని తేల్చి చెప్పకూడదు. కానీ మీరు రాసిన లక్షణాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ముందుగా అనుమానించాల్సింది గియార్డియానే. ఒక్క నార్మల్ రిపోర్టు వచ్చిందని దాన్ని పక్కన పెట్టేయొద్దు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఒక్క కాగితం చూసి 'క్రిములేం లేవట' అనుకుంటారు, మందు మార్చి మందు వేస్తూ పోతారు. ఈలోపు బిడ్డ చిక్కిపోతాడు.

గియార్డియా అంటే నులిపురుగు కాదు, బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. ఒకే కణం ఉన్న పరాన్నజీవి. చిన్నపేగు మొదటి భాగంలో ఉంటుంది. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్చి పరిశోధకుడు తనకు మోషన్స్ అవుతున్నప్పుడు తన మలాన్నే తాను తయారుచేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. అప్పుడు ఆయన వర్ణించింది దీన్నేనని శాస్త్రవేత్తలు నమ్ముతారు. అంత పాత జబ్బు ఇది. ఇప్పటికీ ప్రపంచమంతా, ధనిక దేశాల్లో కూడా, నీళ్ల ద్వారా పాకే పేగు జబ్బుల్లో ముందు వరసలో ఉంటుంది.

దీనికి రెండు రూపాలున్నాయి. పేగులో బతికి, ఈదుతూ, రెండుగా చీలుతూ పెరిగేది ట్రోఫోజాయిట్. మలంతో బయటికి వచ్చేటప్పుడు గట్టి పొర కప్పుకుని సిస్ట్‌గా మారుతుంది. సిస్ట్ సైజు మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది, కంటికి కనపడదు. చల్లటి నీళ్లలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి చావకుండా ఉంటుంది. అవి ఓ పది పాతిక నోట్లోకి పోయినా చాలు, జబ్బు రావచ్చు. కడుపులోని ఆమ్లానికి పొర సడలి, చిన్నపేగులోకి వెళ్లాక ట్రోఫోజాయిట్లు బయటపడతాయి. వాటి అడుగుభాగాన చూషక బిళ్ల ఉంటుంది, దాంతో పేగు గోడను అంటిపెట్టుకుంటాయి. గోడను తొలుచుకుని లోపలికి పోవు. అందుకే ఇందులో మామూలుగా రక్తం పడదు, పెద్ద జ్వరం రాదు. తిన్న కొవ్వు, చక్కెర సరిగ్గా ఒంటికి పట్టకుండా మాత్రం అడ్డుపడతాయి. ఒంటికి పట్టని కొవ్వే ఆ జిడ్డు. మలం తేలడం, కంపు కొట్టడం, గ్యాస్ పట్టడం అన్నీ దాని వల్లే. మన దగ్గర 'అమీబా' అని అందరూ అనేది వేరే జీవి. అది పేగు గోడను తొలుస్తుంది. అందులో జిగట, రక్తం, కడుపులో మెలిపెట్టే నొప్పి ఎక్కువగా ఉంటాయి.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. సిస్టులు నోట్లోకి పోయిన రోజుకూ మోషన్స్ మొదలైన రోజుకూ మధ్య సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మోషన్స్ మొదలవగానే తల్లులందరూ నిన్న ఏం తిన్నాడు, మొన్న ఏం తిన్నాడని ఆలోచిస్తారు. మీరు మొదలైన రోజు నుంచి ఇంకో రెండు వారాలు వెనక్కి వెళ్లి ఆలోచించండి. ఊరెళ్లారా, పెళ్లికి వెళ్లారా, మీ వీధిలో పైపులైన్ తవ్వారా, నల్లా నీళ్లు మురికిగా వచ్చాయా, స్విమ్మింగ్ పూల్‌లో దింపారా?

ఇక రిపోర్టు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ల్యాబు లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు ఎవరూ చెప్పరు.

మీరిచ్చిన డబ్బాలోంచి మేం పుల్లతో ఆవగింజంత మలం తీస్తాం. గాజు పలక మీద ఒకవైపు సెలైన్ చుక్క, ఇంకోవైపు అయోడిన్ చుక్క వేసి, అందులో కలిపి, పైన పల్చటి గాజు బిళ్ల పెడతాం. మైక్రోస్కోపు కింద పలకను జరుపుకుంటూ చూస్తాం. మలం తాజాగా, పల్చగా ఉంటే సెలైన్ వైపు బతికున్న ట్రోఫోజాయిట్లు కనపడతాయి. గాలికి రాలే ఆకులా అటూ ఇటూ దొర్లుతూ కదులుతాయి. ఒకసారి ఆ కదలిక చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. అయోడిన్ వైపు సిస్టులు పసుపు రంగులో కోలగా, లోపల రెండు నుంచి నాలుగు కేంద్రకాలతో తేలతాయి. ఇదంతా చూసేవాళ్లకు తీరిక, ఓపిక ఉంటేనే. రోజుకు పదుల కొద్దీ డబ్బాలు వచ్చే ల్యాబులో ఒక్కో పలకకు ఎంత సమయం దొరుకుతుందో మీరే ఊహించుకోండి.

అంతకంటే ముఖ్యమైన విషయం, ఈ జీవి మలంలో రోజూ ఒకేలా రాదు. ఒకరోజు లెక్కలేనన్ని సిస్టులు పడతాయి, తర్వాత నాలుగు రోజులు వెతికినా ఒక్కటీ దొరకదు. అందుకే ఒక్క శాంపిల్‌తో చూస్తే దాదాపు సగం కేసులు తప్పిపోయే ప్రమాదం ఉంది. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు ఇస్తే దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. మీరు ఇచ్చింది ఒకటే. పైగా అప్పటికే బాబుకు మందులు పడ్డాయి. మందులు వాడాక రెండు వారాలదాకా మలంలో వీటి సంఖ్య బాగా పడిపోవచ్చు, జబ్బు మాత్రం పోదు. ఆముదం, ఆయిల్ కలిసిన విరేచనాల మందులు, కడుపు మంటకు తాగే యాంటాసిడ్లు కూడా చూసేవాళ్ల పని చెడగొడతాయి.

శాంపిల్ తీసుకోవడంలోనూ పద్ధతి ఉంది. కమోడ్‌లో పడినదాన్ని తీయొద్దు. నీళ్లు, మూత్రం కలిస్తే ట్రోఫోజాయిట్లు చచ్చిపోతాయి. బాబును శుభ్రమైన పొడి ప్లాస్టిక్ షీటు మీదో, పొడి పాటీలోనో కూర్చోబెట్టండి. అందులోంచి పల్చగా, జిగటగా, చూడ్డానికి తేడాగా ఉన్న భాగం డబ్బాలోకి తీయండి. మోషన్ నీళ్లలా ఉంటే అరగంటలో, కాస్త ముద్దగా ఉంటే గంటలో ల్యాబుకు చేరాలి. పొద్దున్నే తీసి, బండి డిక్కీలో పెట్టుకుని, ఆఫీసుకు వెళ్తూ దారిలో ఇద్దామనుకుంటారు చాలామంది. ఎండాకాలం హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఉప్పల్ నుంచి బయల్దేరిన డబ్బా ల్యాబుకు వచ్చేసరికి అందులో కదిలేదేదీ మిగలదు. దగ్గర్లోని ల్యాబులోనే ఇవ్వండి. వీలైతే అక్కడే తీయించండి.

ఈసారి డాక్టరును 'గియార్డియా యాంటిజెన్' టెస్ట్ రాయమని అడగండి. ఇందులో జీవిని కంటితో వెతకరు, దాని ప్రొటీన్‌ను పట్టుకుంటారు. చూసేవాళ్ల ఓపిక మీద అంతగా ఆధారపడదు, సిస్టులు తక్కువగా ఉన్నా దొరికే వీలుంది. క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి గానీ ఖరీదు ఎక్కువ, మొదటి అడుగులోనే వాటిదాకా వెళ్లక్కర్లేదు. ఖర్చుకు వెనకాడే పరిస్థితి ఉంటే మీ దగ్గర్లోని బస్తీ దవాఖానాలో చూపించండి. శాంపిళ్లు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు వెళ్తాయి, డబ్బు కట్టనవసరం లేదు. ఏయే స్టూల్ పరీక్షలు అక్కడ చేస్తారో ముందే అడిగి కనుక్కోండి.

పాత రిపోర్టు ఇంట్లో ఉంటే ఇంకోసారి తీసి చూడండి. 'ఓవా, సిస్ట్స్ నాట్ సీన్' అని ఉంటే దాని అర్థం ఆ రోజు, ఆ చుక్కలో కనపడలేదనే. అదే కాగితంలో ఫ్యాట్ గ్లోబ్యూల్స్ (కొవ్వు బొట్లు) ఎక్కువగా ఉన్నాయనీ, పస్ సెల్స్ (చీము కణాలు) మాత్రం రెండో మూడో ఉన్నాయనీ, రక్తకణాలు లేవనీ ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది. కొవ్వు జీర్ణం కావట్లేదు, పేగులో వాపు పెద్దగా లేదు అని ఆ వరసలే చెప్తున్నాయి. దాన్ని పడేయకుండా డాక్టరుకు చూపించండి.

మందుల దగ్గరికి వస్తాను. మీరు వేసిన నులిపురుగుల గోళీ గురించి ముందు చెప్పాలి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ ఒక్క డోసు ఏలికపాముల్లాంటి వాటికి. గియార్డియాకు ఆ ఒక్క డోసు చాలదు. అదే మందును వరసగా ఐదు రోజులు ఇస్తే పనిచేస్తుంది గానీ అది డాక్టరు నిర్ణయించాల్సిన సంగతి. మీరు వాడిన సిరప్ ఏమిటో రాయలేదు. మామూలుగా మోషన్స్‌కు ఇచ్చే యాంటీబయాటిక్‌లు చాలావరకు బ్యాక్టీరియా మీద పనిచేసేవే, వాటికి ఇది లొంగదు.

పనిచేసే మందులు ప్రధానంగా మూడు. టినిడజోల్, మూడేళ్లు దాటిన పిల్లలకు బరువును బట్టి కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన ఒకే ఒక్క డోసు. మొత్తం 2 గ్రాములు మించకూడదు. నిటాజాక్సనైడ్, నాలుగు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, భోజనంతో, మూడు రోజులు. మెట్రోనిడజోల్ అన్నిటికంటే పాతది, అన్ని షాపుల్లో దొరుకుతుంది, ఐదు నుంచి ఏడు రోజులు వాడాలి. ఇది చేదు. నోట్లో ఇనుప రుచి వస్తుంది, పిల్లలు కక్కేస్తారు. నాలుగో రోజుకు మోషన్స్ తగ్గాయని తల్లిదండ్రులు ఆపేస్తారు. నా ఉద్దేశంలో చిన్నపిల్లలకు ఒక్క డోసుతో అయిపోయేదో, మూడు రోజుల్లో అయిపోయేదో ఉత్తమం. మందు ఎంత మంచిదైనా పూర్తిగా లోపలికి పోకపోతే లాభం లేదు కదా. అయితే ఈ లెక్కలు చూసి మీరే షాపులో కొని వేయొద్దు. బాబును తూకం వేసి, ఇదివరకు పడ్డ మందులు చూసి డాక్టరే రాయాలి. షాపుల్లో రెండేసి మందులు కలిపిన గోళీలు, ఒకటి బ్యాక్టీరియాకు ఒకటి పరాన్నజీవికి అని ఇస్తుంటారు. వాటిలో అక్కర్లేని యాంటీబయాటిక్ ఒకటి పిల్లాడి ఒంట్లోకి పోతుంది, కావాల్సిన మందు మోతాదు బరువుకు సరిపోదు. మోషన్స్ కట్టేసే లోపరమైడ్ లాంటివి పిల్లలకు అసలు వద్దు. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉండి ఆవిడకూ ఇవే లక్షణాలుంటే మందు ఎంపిక వేరుగా ఉంటుంది, ఆవిడ డాక్టరుకు విడిగా చూపించాలి.

మందు మొదలయ్యేలోపు, మొదలయ్యాక కూడా, నీళ్లు, ఉప్పు, చక్కెర భర్తీ అవుతూ ఉండాలి. ప్రతి మోషన్ తర్వాత ఈ వయసు పిల్లలకు అరగ్లాసు నుంచి గ్లాసు వరకు ఓఆర్‌ఎస్ పట్టండి, గుక్కగుక్కగా. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ సగం నీళ్లు అని అంచనాగా కలపొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. రంగురంగుల డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. వాటిలో చక్కెర మోతాదు మించి ఉంటుంది, అది మోషన్స్‌ను పెంచుతుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్టే అడగండి. దాంతోపాటు జింక్, రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. మోషన్స్ ఆగిపోయినా పద్నాలుగు రోజులూ వేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

తిండి ఆపొద్దు. మూడు వారాల నుంచి బరువు తగ్గుతున్న పిల్లాణ్ని పథ్యం పేరుతో జావ మీదే ఉంచితే కోలుకోలేడు. మెత్తటి అన్నం, పెసరపప్పు, ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన గుడ్డు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. అత్తగారు ఇచ్చే సగ్గుబియ్యం జావ, పెరుగన్నం ఎంచక్కా పెట్టొచ్చు. దిష్టి తీస్తే పోయేదేం లేదు, పెద్దావిడ మనసు కుదుటపడుతుంది. ఆవిడతో గొడవ పడి టెన్షన్ పెంచుకోవద్దు. మందు, ఓఆర్‌ఎస్, శుభ్రత దాంతోపాటే జరిగితే చాలు.

పాల విషయంలో మాత్రం నా మాట వినండి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ చిన్నపేగు గోడ అంచునే తయారవుతుంది. గియార్డియా అంటిపెట్టుకునేది కూడా అక్కడే. జబ్బు నయమయ్యాక కూడా ఆ గోడ మామూలు స్థితికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. గియార్డియా వచ్చినవాళ్లలో 20 నుంచి 40 శాతం మందికి ఇలా తాత్కాలికంగా పాలు పడకుండా పోతాయి. మందు వేశాక నాలుగు రోజులు బాగుండి, బలం రావాలని రెండు పూటలా గ్లాసుడు పాలు తాగించగానే మళ్లీ గ్యాస్, మళ్లీ పల్చటి మోషన్స్. మందు పనిచేయలేదని ఇంకో కోర్సు, ఇంకో యాంటీబయాటిక్. ఈ చక్రంలో చిక్కుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. మందు అయ్యాక ఒక నెలపాటు పాలు బాగా తగ్గించండి, బోర్నవిటా, హార్లిక్స్ పాలతో సహా. పెరుగు, మజ్జిగ మామూలుగా పడతాయి, తోడు పెట్టినప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. తర్వాత అరగ్లాసుతో మొదలుపెట్టి చూడండి.

ఇప్పుడు నీళ్లు. ఇంట్లో ఆర్‌వో ఉందన్నారు. సరిగ్గా పనిచేసే ఆర్‌వో పొర సిస్టులను ఆపుతుంది, నిజమే. ప్రశ్న ఏమిటంటే, బాబు నోట్లోకి పోయే నీళ్లన్నీ ఆర్‌వోలోంచే వస్తున్నాయా? పళ్లు తోముకుని పుక్కిలించేది బాత్రూం నల్లా నీళ్లతో. కొత్తిమీర, కీరా, క్యారెట్, ద్రాక్ష కడిగేది సింకు నీళ్లతో. స్నానం చేసేటప్పుడు ఈ వయసు పిల్లలు సగం మగ్గు నీళ్లు నోట్లోకి పోనిస్తారు. స్కూల్లో బాటిల్ అయిపోతే అక్కడి డ్రమ్ములోంచి నింపుకుంటాడు. వీధి చివర చెరుకు రసంలో వేసే ఐసు, పానీపూరీ నీళ్లు, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు ఎక్కడి నీళ్లతో తయారవుతాయో మనకు తెలియదు. ఆర్‌వో నీళ్లు పట్టే బిందెలో చేత్తో గ్లాసు ముంచితే ఆ చేతిది కూడా నీళ్లలో కలుస్తుంది. ఇక ఆర్‌వోకు ఆఖరిసారి సర్వీసు ఎప్పుడు జరిగిందో కూడా చూసుకోండి.

మన ఊళ్లో నీళ్లు ఎక్కడ పాడవుతాయో తెలిస్తే మీకు జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నీళ్లను ప్లాంట్లలో ఇసుక వడపోతతో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. ఇసుక వడపోతలో సిస్టులు చాలావరకు ఆగిపోతాయి. తిప్పలు మొదలయ్యేది దాని తర్వాత. చాలా బస్తీల్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే పోయే డ్రైనేజీ లైన్ ఎక్కడైనా కారుతుంటే ఆ మురుగు మంచినీటి పైపు పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుపోతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే ఇంకా ఎక్కువ పీలుస్తుంది, మీ ఇంటికే కాదు, పక్కింటికి కూడా. 2009 మేలో భోలక్‌పూర్‌లో ఇలా మురుగు కలిసిన నల్లా నీళ్లతోనే కలరా చెలరేగి ప్రాణాలు పోయాయి. కలరా వేరు, గియార్డియా వేరు. దారి మాత్రం అదే.

క్లోరిన్ గురించి ఒక అపోహ ఉంది. నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. కలరా, టైఫాయిడ్ బ్యాక్టీరియాకు అది పనిచేస్తుంది. గియార్డియా సిస్టు పొర ఆ కాస్త క్లోరిన్‌ను తట్టుకుంటుంది. నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోంది కాబట్టి భయం లేదనుకోవద్దు. నీళ్లను పరీక్షకు ఇచ్చినా మామూలుగా చూసేది కోలిఫాం బ్యాక్టీరియానే. అది ఉంటే నీళ్లలో మలం కలుస్తోందేమోనని అనుమానించాలి. లేదని వచ్చినంత మాత్రాన సిస్టులు లేవని కాదు.

మీరుండేది అపార్ట్‌మెంట్ అయినా, పోర్షన్ అయినా ఒకసారి కిందికి దిగి సంపు చూడండి. మూత నేలకు సమానంగా ఉందా, వాన పడితే వాకిట్లో నీళ్లు దాని మీదుగా పోతాయా? డ్రైనేజీ చాంబర్ ఎంత దూరంలో ఉంది? చాలా ఇళ్లలో సంపుకూ డ్రైనేజీ చాంబర్‌కూ మధ్య రెండు అడుగులు కూడా ఉండదు. చాంబర్ నిండి పొంగిన ప్రతిసారీ ఆ నీళ్లు మట్టిలోంచి ఇంకి సంపు గోడ పగుళ్లు వెతుక్కుంటాయి. టార్చి వేసి లోపలి గోడలు చూడండి, తడి చారలు పైనుంచి కిందికి కనపడితే అక్కడ కారుతున్నట్టే. జులై, ఆగస్టుల్లో, వానలు ముదిరాక, ల్యాబుకు వచ్చే మోషన్స్ శాంపిళ్లు ఎందుకు పెరుగుతాయో ఆ చారలు చూస్తే అర్థమవుతుంది. సంపు, పైన ట్యాంకు రెండూ ఖాళీ చేయించి, గోడలు బ్రష్‌తో రుద్దించి, కడిగి, ఎండనిచ్చి, తర్వాతే నింపండి. సిస్టులకు ఎండిపోవడం పడదు. మూత చుట్టూ కనీసం అడుగు ఎత్తు గట్టు కట్టించమని ఓనరును అడగండి. నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు సంపులోకి పట్టకుండా బయటికి పోనివ్వండి. రంగు మారినా, వాసన వచ్చినా జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ఒక్క ఇంటి ఫిర్యాదు కంటే వీధిలో నలుగురు చేస్తే పని త్వరగా కదులుతుంది.

ఈలోపు సులువైన ఉపాయం నీళ్లు కాచడం. కళపెళా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, సిస్టులు చస్తాయి. పావుగంట మరిగించి గ్యాస్ తగలేయక్కర్లేదు. బాబు పళ్లు తోముకునే నీళ్లు కూడా కొన్నాళ్లు ఇవే వాడండి.

నీళ్ల తర్వాత చేతులు. మోషన్‌కు వెళ్లాక ఈ వయసు పిల్లలకు మనమే కడుగుతాం. కడిగాక సబ్బుతో, గోళ్ల సందుల్లోకి వెళ్లేలా, పారే నీళ్లతో చేతులు కడుక్కోవాలి. మీరు, బాబు, ఇంట్లో అతన్ని కడిగేవాళ్లు అందరూ. సిస్టుల మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు, సబ్బే కావాలి. బాబు గోళ్లు పొట్టిగా కత్తిరించండి. పాటీ, టాయిలెట్ సీటు, ఫ్లష్ మీట, నల్లా పిడి రోజూ కడిగి తుడిచి పొడిగా ఉంచండి. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. మోషన్స్ పూర్తిగా ఆగేదాకా స్కూలుకు పంపొద్దు, స్విమ్మింగ్ పూల్‌లో దింపొద్దు. టీచరుకు విషయం చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అదే క్లాసులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఇలాగే బాధపడుతూ ఉండొచ్చు.

ఇంట్లో మిగతావాళ్లకు మందు వేయాలా అని అడగబోతారు. మోషన్స్, గ్యాస్, తేన్పులు ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. ఏ బాధా లేనివాళ్లకు అనుమానంతో మందులు వేయనక్కర్లేదు. మనలాంటి చోట్ల ఏ లక్షణాలూ లేకుండా సిస్టులు మోసే పిల్లలు చాలామంది ఉంటారు. ఈ సంగతి ఇంకోవైపు నుంచి కూడా గుర్తుంచుకోవాలి. రిపోర్టులో గియార్డియా కనపడినంత మాత్రాన ప్రతి బాధకూ అదే కారణమని కాదు. మందు సరిగ్గా పడ్డాక కూడా బరువు పెరగకపోతే డాక్టరు ఇంకా వెతకాలి.

ఇవి కనపడితే మాత్రం రిపోర్టుల కోసం ఎదురుచూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి: ఆరు గంటలు దాటినా మూత్రం పోకపోవడం, కళ్లు లోపలికి పోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, పొట్ట చర్మం లాగి వదిలితే వెంటనే వెనక్కి పోకపోవడం, మగతగా పడుకుని ఉండడం, తాగినదల్లా కక్కేయడం, మలంలో రక్తం, గట్టి జ్వరం. నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలోనూ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ ఇలాంటి కేసులు రోజూ చూస్తారు. రాత్రి అయిందని తెల్లారేదాకా ఆగొద్దు.

అలాంటి ప్రమాదం లేకపోయినా ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. పద్నాలుగు రోజులు దాటిన మోషన్స్‌ను డాక్టర్లు వేరే వర్గంగా చూస్తారు, ఇంటి వైద్యంతో ఇంకా లాగకూడదు. గియార్డియా అని తేలి, మందు పూర్తయ్యాక మోషన్స్ ఆగి, బరువు పెరుగుతుంటే మళ్లీ స్టూల్ టెస్ట్ చేయించే అవసరం సాధారణంగా ఉండదు. కొందరికి జీవి పోయాక కూడా పొట్ట ఉబ్బరం, నీరసం చాలాకాలం ఉంటాయి. 2004లో నార్వేలోని బెర్గెన్ నగరంలో నీళ్ల ద్వారా ఇది పెద్దఎత్తున వ్యాపించింది. అక్కడ జబ్బుపడ్డవాళ్లను ఏళ్ల తరబడి గమనించి ఈ సంగతి రూఢి చేశారు. కాబట్టి కాస్త ఉబ్బరం మిగిలిందని కంగారుపడి మళ్లీ మందులు మొదలుపెట్టొద్దు.

పాలు తగ్గించాక కూడా రెండు మూడు వారాల్లో మోషన్స్ తిరిగి మొదలైతే అప్పుడు మళ్లీ మూడు శాంపిళ్లు, యాంటిజెన్ టెస్ట్ చేయించాలి. మళ్లీ గియార్డియానే కనపడితే కారణం రెండిట్లో ఒకటి కావచ్చు. అదే నీళ్లు, అదే సంపు నుంచి కొత్తగా సోకి ఉండాలి, లేదా మందుకు లొంగకపోయి ఉండాలి. మొదటిదే ఎక్కువగా జరుగుతుంది. రెండోదైతే డాక్టరు వేరే మందుకు మారుస్తారు. ఏదీ కనపడకుండా బరువు మాత్రం తగ్గుతూనే ఉంటే గోధుమ పడకపోవడం, రోగనిరోధక శక్తిలో లోపం, పేగు క్షయ లాంటివి చూడాల్సి ఉంటుంది. అప్పుడు పిల్లల గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇప్పటిదాకా వాడిన గోళీల పట్టీలు, సిరప్ సీసాలు, పాత రిపోర్టు, బాబు బరువులు తేదీలతో రాసిన కాగితం అన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకెళ్లండి. ఏ మందు ఏ రోజు మొదలుపెట్టారో, ఎన్ని రోజులు వేశారో కూడా ఇవాళే గుర్తుకు తెచ్చుకుని రాసిపెట్టుకోండి.